సార్‌ను తీసేసిన కాగితం

మా పీటీ సార్ పోయిండని ఒకనాడు పొద్దుగాల ఫోన్ వచ్చింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు సూరత్‌ల పోయినోళ్ళల్ల ఆయనొకడు. మా చెల్లె ఎక్కెక్కి ఏడ్చింది. నాకు ముందుగాల యాదికొచ్చింది సార్ మొఖం కాదు, మా బడి ట్రస్టీ మొఖం. సార్ మీద రాస్త, కని ఆ కోపం దాచుకొని రాసుడు నాతోని కాదు.

సూరత్‌లనే భేస్తాన్‌ల మాది తెలుగు బడి. తొమ్మిది, పది చదివే పిల్లల్ని సార్ ఏటా మూడు దినాలు డాంగ్ అడవికి క్యాంపుకు తోలుకపోయెటోడు. మేమంత సాంచెలు, గవే కరెంటు మగ్గాలు, నడిపేటోళ్ళ పిల్లలం. ఆ మోతల పుట్టి పెరిగినం, మాట్లాడినా అరిచినట్టే ఉంటది. మొదటిసారి అడవిల కూసున్నప్పుడు నాకు ఏ మోత ఇనవడలే. "సార్, కరెంట్ పోయిందా?" అని అడిగిన. మా గల్లీల సప్పుడు ఆగిందంటే గదే కారణం మరి. సార్ కడుపు పట్టుకొని నవ్విండు. "చెప్పులిడువు బిడ్డా, భూమేం కరవది. కండ్లు మూసుకొని ఎన్ని సప్పుళ్ళు ఇనవడుతున్నయో చెప్పు" అన్నడు. నేను నాలుగు చెప్పిన, ఆయన పదకొండు చెప్పిండు. అందరం తిన్నంకనే తన పళ్ళెం ముట్టెటోడు.

లాక్‌డౌన్‌ల సాంచెలన్నీ బందైనయి. ఒకటే అర్ర ఉన్న ఖోలీల అయిదుగురం. పదో తరగతి చదివే మా చెల్లె మాట్లాడుడే ఇడిసిపెట్టింది. బాపు ఏమడిగినా గోడ దిక్కు తిరిగేది. జర సడలించినంక సార్ ఇంటింటికొచ్చి, పిల్లల్ని అయిదుగురేసి కాలువ పక్క మైదానానికి తీస్కపోయి, ఎడమెడంగ కూసోవెట్టిండు. నాలుగోనాడు చెల్లె ఇంటికొచ్చి "అక్కా, పిట్ట నీళ్ళల్ల మునిగితె గూడ సప్పుడైతదే" అన్నది. బాపు మొఖం కడుక్కొస్తనని బయటికి పోయిండు.

ఈ సంగతి ట్రస్టీ చెవిల పడ్డది. రోగం అంటిస్తున్నడని నోటీసు రాసి సార్‌ను తీసేసిండు. ఒక్క పిల్లకు గూడ జ్వరం రాలే! సార్ రింగ్ రోడ్ మార్కెట్ల చీరల మూటలు మోసెతందుకు పోయిండు. ఆ గుంపులనే ఆయనకు అంటింది. బడిల ఉంటే బతికెటోడు. ఎవ్వలేమన్నా నేనీ మాట మార్చుకోను.

బడి మళ్ళ తెరిచినంక సంతాప సభ పెట్టిండ్రు. ట్రస్టీ ఫోటోకు దండేసి, కండ్లొత్తుకొని, "మా క్యాంపులకు ప్రాణం పోసినోడు" అన్నడు. నా ఒళ్ళు మండింది. సార్ భార్య నా చేతికిచ్చిన నోటీసు తీసి, మైక్‌ల, తల్లిదండ్రులందరి ముంగట చదివిన. కింద సంతకం ఎవ్వలిదో గూడ చదివిన.

"గా టైంల అందరు గట్లనే చేసిండ్రు బేటా" అన్నడు ట్రస్టీ.

"అందరు కాదు. మీరు."

క్యాంపు లేకుంటే పిల్లల్ని బడికి పంపేదే లేదని తల్లిదండ్రులు మొండికేసిండ్రు. వారం దినాలకు ట్రస్టీ, సార్ క్యాంపుల తిరిగినదాన్నని, నన్నే పిలిచి నడుపుమన్నడు. నడుపుత, కని ఆ నోటీసు ఫ్రేం కట్టించి మీ కుర్చీకి ఎదురుంగ గోడకు పెట్టాలె, దినాం చూడాలె అన్న. సార్ ఉంటే "పోనియ్యి బిడ్డా" అనెటోడు. సార్ లేడు గద. పండ్లు కొరుక్కుంట పెట్టించిండు.

నిన్న పిల్లల పేర్లు ఇయ్యనీకి ఆఫీసుకు పోయిన. దాన్ని చూడలేక ట్రస్టీ కుర్చీని ఆ గోడకే జరిపించుకొని, దానికి వీపు పెట్టి కూసున్నడు. ఇప్పుడు ఫ్రేం సరిగ్గ ఆయన నెత్తిమీద ఉన్నది. బిడ్డను బడిల చేర్పిద్దామని వచ్చిన ఒకామె, కూసొమ్మన్నా కూసోక, మాస్కు దించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట దాన్ని పైకి చదువుతున్నది.