మంచుల అడ్డంగ ఊగిన లైటు

నేను దయ్యాలను నమ్మినోన్ని గాదు. ఈ మాట ముందుగాల్నే చెప్పాలె, లేకుంటే చదివినంక ‘వీడు మొదటిసంది గసోంటోడే’ అనుకుంటరు. ఇరవై ఆరేండ్లసంది బొగ్గుబాయి నౌకరి చేస్తున్న. అందుల ఇరవై రెండేండ్లు అండర్‌గ్రౌండ్లనే గడిచినయి. బాయిల దయ్యాల ముచ్చట్లకు కరువులేదు. చీకట్ల ఎవలో దగ్గినట్టు ఇనబడ్డదని ఒకడంటడు, ఖాళీ బొగ్గు టబ్బు దానంతటదే కదిలిందని ఇంకొకడంటడు. నేను అన్నం డబ్బ ముందట పెట్టుకొని నవ్వేటోన్ని. నెత్తి మీద రాయి కూలుతదేమోనని భయపడాలె గని, పోయినోల్లతోని మనకేం ఫికర్ అనేటోన్ని.

ఊపిరి తక్కువైతున్నదని దవాఖానల చెప్పినంక ఇప్పుడు సర్ఫేసు మీద, బాయి బయట, పనిస్తున్నరు. గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్ల ఉంటం, నేను, మా ఇంటామె, మా బిడ్డ గ్రేసు. పెండ్లయిన తొమ్మిదేండ్లకు పుట్టింది. ఒక్కతే బిడ్డ. దాని మీద నాకు ఎంత పానమో చెప్పరాదు. దానికిప్పుడు ఇరవై ఒక్కటి నడుస్తున్నది. పెండ్లిల్ల ఫొటోలు తీసే స్టూడియోల పనిచేస్తది గని, దాని మనసంతా గుట్టలు, వాగులు, మబ్బుల మీదనే.

ఇక్కడ బాయి పద్ధతి ఒకటి చెప్పాలె. కింద మిషన్లు నడుస్తుంటే పక్కనున్నోని మాట గూడ ఇనబడది. గందుకే నెత్తి మీది ల్యాంపుతోనే మాట్లాడుకుంటం. లైటు కిందికి మీదికి ఊపితే రమ్మని. అడ్డంగ ఊపితే ఆగుమని. గంతే. రమ్మన్న లైటు కనబడ్డదంటే సీదా దాని మీదికే నడుసుకుంట పోతం, ఎందుకంటే లైటు పట్టుకున్నోడు తొవ్వ చూసే పిలుస్తడని మాకు నమ్మకం. గ్రేసు చిన్నగున్నప్పుడు కరెంటు పోతే టార్చిలైటుతోని ఇదే ఆట ఆడేటోల్లం. బడికి పోకముందే దానికి ఈ భాష వచ్చు.

మొన్న వానలు ఎనుకపట్టి చలి మొదలైనప్పుడు గ్రేసు నా ఎంట పడ్డది. “బాపూ, రామగిరి గుట్టల మీద పొద్దుగాల మంచు ఎట్లుంటదో నువ్వు జన్మల చూసి ఉండవు. ఒక్కపారి నాతోని రా” అన్నది. మా ఇంటామె నవ్వింది. “మీ బాపుకు మెట్లెక్కితేనే ఆయాసం. గుట్ట మీద కూలబడితే నువ్వు మోసుకస్తవా” అన్నది. ఆ మాటకు నాకు రేషం వచ్చింది. ఆదివారం చర్చి ఎగ్గొట్టి మరీ బయలెల్లిన.

బండి మీద పోయి గుట్ట కింద ఆపేసరికి ఇంకా మసక చీకటే. అక్కడ ఇంకో బండి గాని, మనిషి గాని కనబడలె. మెల్లగ ఎక్కినం. గ్రేసు నాలుగడుగులు ముందట నడుసుడు, నా ఊపిరి చప్పుడు ఇని ఆగుడు. ఊకె ఆగితే నాకు సిగ్గయితదని, షూ లేసులు కట్టుకున్నట్టు చేస్తుండె. నాకు తెలుసు, గని తెల్వనట్టే ఉన్న.

సగం గుట్ట ఎక్కినంక ఒక ఎడల్పు బండ వచ్చింది. గ్రేసు అక్కడ స్టాండు మీద కెమెరా పెట్టింది. మంచు కదులుడు చూపెట్టాలంటే కెమెరా కన్ను ఒక్కో ఫొటోకు ఇరవై సెకన్లు తెరిసి ఉండాల్నట. ఒకదాని ఎనుక ఒకటి అదే తీసుకుంటదట. నడుమ ఏదన్న లైటు కదిలితే, అది ఫొటోల గీత లెక్క పడుతదని చెప్పింది.

గాలి సల్లగ కొడుతుంటే నాకు దగ్గు లేసింది. కెమెరా చూసే దిక్కే ఎదురుంగ రెండు పెద్ద రాళ్లు దగ్గర దగ్గరగ నిలబడి ఉన్నయి. వాటి నడుమ గాలి తగులదని అక్కడికి పోయిన. కెమెరా ఉన్న బండకు, ఆ రాళ్లకు నడుమ గుట్ట చీలి ఉన్నది. మీద గడ్డి కమ్మింది గని కింద రెండు తాడిచెట్ల లోతు. తొవ్వ దాన్ని చుట్టి పోతది. నేను ఆ తొవ్వనే చుట్టుకొని పోయిన. చీలికను ఈ కండ్లతోనే చూసిన. ఈ ముచ్చట యాదిల పెట్టుకోండ్రి, నేను మాత్రం పెట్టుకోలె.

నేను పోయి నిలబడ్డనో లేదో మంచు దిగింది. మామూలు మంచు గాదు, నా చెయ్యి నాకే సక్కగ కనబడలె. “గ్రేసూ” అని పిలిసిన. గాలికి మాట అటు పోలె. మల్ల పిలిసిన. జవాబు లేదు. నాకు బుగులు పుట్టింది. ఇదేమో నేనెక్కడున్ననని ఎతుక్కుంట ఎటన్న పోతదేమో అనుకున్న. జేబులున్న టార్చి తీసిన. ఇరవై రెండేండ్ల అలవాటు, చెయ్యి దానంతటదే లేసింది. కిందికి మీదికి, కిందికి మీదికి. రా బిడ్డా, రా.

చీలిక గురించి నాకు యాదికే రాలె. బాయిల లైటుకూ మనిషికీ నడుమ నేల ఉంటది. గుట్ట మీద గూడ ఉన్నదనుకున్న. నా అంత మూర్ఖుడు ఉంటడా.

ఎంతసేపు ఊపిన్నో చెప్పలేను, రెండు మూడు నిమిషాలుండొచ్చు. ఒక్క క్షణం గూడ చెయ్యి ఆపలె. గాలి దిక్కు మారి మంచు జర పలుసబడ్డది. గ్రేసు కనబడ్డది. చీలిక అంచుకు రెండడుగుల దూరంల, కదలకుంట నిలబడి ఉన్నది. దాని ముందట గడ్డి ఊగుతున్నది. గప్పుడు నాకు అంతా ఒక్కపారే యాదికొచ్చింది.

అదేమో కోపంగ ఒర్రింది. “ఏంది బాపూ, గింతసేపటిసంది ఆగు ఆగుమని లైటు ఊపుతనే ఉన్నవు. చలికి సస్తున్న. రావాల్నా, వద్దా?”

“కదలకు బిడ్డా. అక్కడ్నే ఉండు” అని ఒర్రిన. తొవ్వ చుట్టి దాని దగ్గరికి పోయి రెక్క పట్టి ఎనుకకు గుంజిన. కాలితోని గడ్డి పక్కకు జరిపి చూపెట్టిన. లోపల చీకటి. గ్రేసు చూసి నా షర్టు గట్టిగ పట్టుకున్నది. “నువ్వు ఆపకపోతే పోదును బాపూ” అన్నది.

నేను రమ్మనే ఊపిన్నని అక్కడ్నే చెప్పాల్సింది. మాట్లాడలె.

దిగేటప్పుడు కింద మేకలు కాసే ఒక పెద్దాయన కలిసిండు. మీదికి ఇంకెవలన్న పోయిన్రా అని అడిగిన. “మీరిద్దరే పోయిన్రు, నేను పొద్దుగాలసంది ఈడ్నే ఉన్న” అన్నడు.

ఇంటికొచ్చినంక గ్రేసు వాళ్ల అమ్మకు అంతా చెప్పింది. బాపు లైటుతోని ఆపిండని, లేకుంటే దక్కకపోదునని. మా ఇంటామె నా చెయ్యి పట్టుకొని కండ్లకద్దుకున్నది. ఆ చెయ్యే బిడ్డను గుంతల పడుమని పిలిసిన చెయ్యి.

తెల్లారి గ్రేసు కంప్యూటర్ల ఒక ఫొటో చూపెట్టింది. తెల్లటి మంచు, అందుల నీడ లెక్క ఆ రెండు రాళ్లు. వాటి మీదికెల్లి ఒక లైటు గీత, అడ్డంగ. కుండ మీద సున్నంతోని గీసినట్టు సాఫుగ ఉన్నది. కెమెరా వంగి ఉండొచ్చని నేననుకున్న. గని రాళ్లు నిటారుగనే ఉన్నయి. ఇంకో లైటు అనుకుంటే, మరి నాది ఏది? నేను ఆపకుంట ఊపుతనే ఉన్న గదా. ఆ ఫొటోల లైటు ఒక్కటే ఉన్నది.

నాలుగు రోజులకు ఇంట్ల చెప్పకుంట ఒక్కన్నే మల్ల పోయిన. పట్టపగలు. ఆ రాళ్ల నడుమ అదే తీరుగ నిలబడి టార్చి పట్టుకున్న. అడ్డంగ ఊపి చూస్తే జానెడు పోకముందే చెయ్యి రాయికి తగిలింది. ఫొటోల గీత రెండు రాళ్లను దాటి ఇటు అటు బారెడు బారెడు ఉన్నది. అది నా చెయ్యి గాదు. కావాలన్నా కాలేదు.

ఆ మాపు గ్రేసును వాకిట్లకు పిలిసి చెప్పేసిన. “నేను ఆపలె బిడ్డా. నేను రమ్మనే ఊపిన. చీలిక ఉన్నదని మర్సిపోయిన. నిన్ను నేనే పిలిసిన” అన్న. చెప్పుకుంట ఏడ్సిన. బాయిల నా పక్కనోని కాలు ఇరిగిన్నాడు గూడ నేను గట్ల ఏడ్వలె.

గ్రేసు లేసింది. లోపలికి పోయి కంప్యూటర్ తెచ్చి ఇంకో ఫొటో తెరిసింది. అవే రాళ్లు, అదే మంచు. రాళ్ల నడుమ సందుల సన్నటి గీత. నిలువుగ.

“ఇది ముందుగాల పడ్డ ఫొటో బాపూ. అడ్డం గీతది దీని ఎనుకాలే పడ్డది. మొదటి దినమే చూసిన. మొదలు రమ్మన్నవు, నడిసిన. తర్వాత ఆగుమన్నవు, ఆగిన. నీకు చూపెడితే కుమిలిపోతవని దాసిపెట్టిన” అన్నది.

అన్ని దినాలు నేను దానికి చెప్పలేక సస్తున్ననంటే, అది తెల్సి గూడ నాకోసమే సప్పుడు జెయ్యకున్నది. గదే పిల్ల రోజూ అమ్మ ముందట నన్ను మెచ్చుకుంట కూసున్నది.

“నీకు తెల్వకుంటనే నీ చెయ్యి మల్లిందేమో బాపూ” అంటది గ్రేసు. దేవుని దూత అంటది మా ఇంటామె. నేను దేన్నీ కాదనను, అవునని గూడ అనలేను. ఆ రాళ్ల సందుల ఎంత జాగ ఉన్నదో నేను మూరేసి చూసొచ్చిన. నా చెయ్యి ఎటు ఊగిందో నాకు తెలుసు. ఆ ఇరవై సెకన్లల్ల నా లైటు ఏమైంది? ఆ ఇంకో లైటు ఎవలిది?

ఆపింది ఎవలో నాకు తెల్వది. ఎవలైనా సరే, వాల్లకు దండం. పిలిసింది మాత్రం నేనే.