గోడ ఆరేదాకా

ఆ ఉదయం అన్ని ఉదయాల్లాంటిదే. నాలుగున్నరకు లేచి, స్నానం చేసి, పారాయణం ముగించి, వరండాలో చాప వేసుకొని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. పాలామె వచ్చి పోయింది. ఎదురింటి ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పొర్లుతున్నాయి, మోటారు ఆపేవాళ్లు లేరు. దుకాణం తెరిచే వేళ. ఆ వేళప్పుడు తమ్ముడు ఎప్పుడూ ఇటు రాడు. గేటు దగ్గర వాడు కనబడగానే చేట పక్కన పెట్టాను.

"రంగులన్న పోయిండట అక్కా," అన్నాడు. "ఆయన కోడలు ఫోన్ జేసింది."

రెండు నెలలుగా మంచాన ఉన్నాడట. మాకు చెబితే పరుగెత్తుకొస్తామని, చెప్పొద్దన్నాడట. తమ్ముడు ఆ రోజు దుకాణం తెరవలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనుకుంటే, ముందుగా మేము ఆయన్ను ఎంత అనుమానించామో రాయక తప్పదు.

మాది జనగామలో దుకాణం ఇల్లు. మనిషిని నమ్మడం మాకు ఆలస్యం. పాలు పోయించుకుంటే గిన్నె వంచి చూస్తాం. బియ్యం బస్తా వస్తే అడుగు నుంచి పిడికెడు తీసి చూస్తాం. ఇక వంటింట్లోకి బయటివాళ్లు అడుగు పెట్టకూడదనేది అమ్మ పద్ధతి. దేవుని గూడు ఉండేది అక్కడే. అందుకే ప్రతి దసరా ముందు వంటింటి గోడలకు బాపే సున్నం వేసేవాడు. తలకు తువ్వాల చుట్టుకొని, రోజంతా ఒక్కడే. బాపు పోయాక నాలుగేళ్లు ఆ గోడలను ఎవరూ ముట్టలేదు.

తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వెలసిన రోజులవి. మా చౌరస్తాలోనూ రిలే దీక్షల టెంటు ఉండేది. మా వంటిల్లు మసిబారింది. దాన్ని ఆనుకొని ఉన్న బాత్‌రూము పెచ్చులూడుతోంది. రెండింటికీ నడుమ ఒకటే గోడ. అమ్మకు అప్పటికే ఆయాసం, పొయ్యి దగ్గర కూర్చుంటే దగ్గు తెగేది కాదు. గోడలు శుభ్రపడితే కొంత నయమవుతుందని రంగులు వేయించాలనుకున్నాం.

ఎవరో చెబితే ఆయన వచ్చాడు, మేము తర్వాత రంగులన్న అని పిలిచిన మనిషి. దేవరుప్పుల దగ్గరి తండా మనిషి. పాత మోపెడ్, దానికి కట్టిన రెండు బ్రష్‌లు, ఒక గీకుడు రేకు. నాకన్నా పదేళ్లు పెద్ద, అయినా నన్ను అక్కా అనే పిలిచాడు. అమ్మ పెరటి గుమ్మం చూపించింది.

"కాళ్లు కడుక్కొని ఇటుకెల్లి రావాలె. గూడు దిక్కు పోవద్దు."

ఆయన కాళ్లు రెండుసార్లు కడుక్కున్నాడు.

తమ్ముడు రంగుల కార్డు పరిచాడు. వాడికి లేత ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ కావాలి. తళతళలాడాలి, తడిగుడ్డ పెడితే నూనె మరక పోవాలి. ఆయన కార్డు చూడలేదు. అరచేయి తిప్పి, దాని వెనక వైపు గోడకు ఆనించి కాసేపు నిలబడ్డాడు. జ్వరం చూసినట్టు.

"వంటింటికి తుడిస్తే మరక పోయే రంగు మంచిదే. గని బాత్‌రూముకు తెలుపే ఏద్దాం అక్కా. నల్లగ ఏమన్న మొలిస్తే కనవడాలె గద. ముదురు రంగేస్తే గోడ దాసుకుంటది."

"గోడను గూడ అనుమానిస్తవా అన్నా?" అన్నాను.

"గోడనే అనుమానిస్త. మనుషులను అనుమానిస్తే నాకు పనెవరిస్తరు?"

ఖాళీ పాలకవరు అడిగి తీసుకొని, కోసి, తుడిచి, ఆ నడిమి గోడకు నాలుగు వైపులా టేపు వేసి అంటించాడు. మర్నాడు కవరు లోపలి వైపు నీటి బొట్లున్నాయి. "గోడ కడుపుల తడి ఉన్నది. ఆరేదాకా ఏ రంగూ ముట్టొద్దు," అన్నాడు. పాత సున్నం గీకి వదిలేశాడు. ఇక రోజూ పొద్దున రావడం, కవరు ఊడదీసి చూడడం, కొత్తది అంటించడం, "ఇంకా లేదు" అని వెళ్లిపోవడం. పోతూ పోతూ ఫోన్‌లో తమ భాషలో ఏదో మాట్లాడేవాడు.

"మనల్నే ఏదో అంటున్నడు," అనేది అమ్మ.

వారం దాటాక తమ్ముడు ఆయన వెనకే వెళ్లి చూసి వచ్చాడు. టెంటులో, ముందు వరుసలో, మెడలో దండతో కూర్చున్నాడట. మర్నాడు ఆయన రాగానే వాడు అందుకున్నాడు.

"గోడ ఆరుతలేదా అన్నా, టెంటుల నీ జాగ ఖాళీ అయితలేదా?"

ఆయన కవరు వైపు చూపించాడు.

"గా నీళ్లు నువ్వే చల్లి అంటిస్తే మాకేమెర్క?"

ఆయన టేపు చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే అంటియ్యి అక్కా," అన్నాడు, అంతే.

అంటించాను. పొడిగుడ్డతో గోడ తుడిచి, ఎవరికీ చెప్పకుండా. మర్నాడు బొట్లున్నాయి. అయినా తమ్ముడికి ఆ మాట చెప్పలేదు. బయట ముసురు పట్టింది, దానివల్లేమో అనుకున్నాను. నా చేతులతో చేసినదాన్నీ నమ్మని బుద్ధి. ఆ రోజు దేవుని ముందు చాలాసేపు కూర్చున్నాను గానీ, కవరు సంగతి ఆ దేవునికీ చెప్పుకోలేదు. రంగులన్నను మానిపించి వేరే పెయింటరును పిలుస్తానని తమ్ముడంటే సరే అన్నాను. ఇంట్లో చివరి మాట నాది.

కొత్తాయన చేయి జోరుగా సాగేది. "భూపాలపల్లిల ఎన్ని క్వార్టర్లకు ఏసిన్నో నాకే యాదికి లేదు. నాకు ఏ గోడైన ఒక్కటే," అన్నాడు. రెండు రోజుల్లో ముగించాడు. వంటిల్లు అద్దంలా మెరిసింది. అమ్మ మురిసింది.

మూడు వారాలకు రంగు పూరీల్లా పొంగింది. ఒకటి గోటితో గిల్లితే లోపల నల్లటి బూజు, గుప్పుమని వాసన. ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర అమ్మ ఊపిరి అందక ఆ గోడకే చేరగిలబడిపోయింది. నాలుగు రోజులు దవాఖానలో ఉంచారు. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఇంట్ల చెమ్మ గోడలున్నయా?" ఇంకోసారి ఇట్లా జరిగితే తన చేతిలో లేదంది.

దవాఖాన నుంచి నేరుగా టెంటుకు వెళ్లాను. ఆయన లేచి, దండ తీసి పక్కవాళ్లకిచ్చి బయటికి వచ్చాడు. జరిగింది చెప్పాను. నేను కవరు అంటించి చూసిన సంగతీ చెప్పాను.

ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

"నేను టెంటుకు వచ్చింది నిజమే అక్కా. గోడ తడి ఉన్నది గూడ నిజమే," అన్నాడు. "రెండిట్ల ఒకటి అబద్ధమైతేనే మీ ఇంటోళ్లకు మనసున వట్టేటట్టున్నది." కాస్త నవ్వాడు. "అమ్మకెట్లున్నది? మా ఇంటామె రోజు ఫోన్‌ల అడుగుతుండె, గా పెద్దమ్మ ఆయాసం తగ్గిందా అని."

మమ్మల్నే ఆయన తిడుతున్నాడని అమ్మ అనుకున్న మాటలు అవి.

అప్పుడే నా వెంట వచ్చాడు. పొంగిన రంగంతా గీకి, బాత్‌రూము వైపు గోడ కొంత పగలగొట్టాడు. లోపల పైపు అతుకు దగ్గర నీరు చుక్కచుక్కగా కారుతోంది. ఎన్నేళ్లుగా కారుతోందో. అతుకు మార్పించి, గోడ ఇరవై రోజులైనా ఎండాలన్నాడు. అప్పటిదాకా వంటింట్లో పొయ్యి వెలిగించొద్దు, కిటికీలు మూయొద్దు, అమ్మ ఈ ఇంట్లో ఉండొద్దు.

ఆ తర్వాత అమ్మ తొమ్మిదేళ్లు బతికింది. ఆ ఏళ్లన్నీ మా గోడలు ఆయన చేతిలోనే ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ అరచేయి వెనక వైపు గోడకు ఆనించేవాడు. నేను వెళ్లిన ప్రతి ఇంట్లో ఇప్పుడు నాకూ అదే అలవాటు. చుట్టాలు నవ్వుతారు. రాష్ట్రం వచ్చిన రోజు ఆయన మా ఇంటికి మిఠాయి తెచ్చాడు. తమ్ముడు ఒకటి నోట్లో వేసుకొని, "నీ జాగ ఇప్పుడు ఖాళీ అయిందన్నా," అంటే ఇద్దరూ చాలాసేపు నవ్వారు. మాట పాతదే, ఈసారి వినిపించిన తీరు వేరు.

కానీ ఆయన్ను తలుచుకున్నప్పుడు నాకు గుర్తొచ్చేది అమ్మను దవాఖాన నుంచి తెచ్చిన నాటి సాయంత్రమే. వరండాలో కూర్చున్నాం. అమ్మ, తమ్ముడు, మరదలు, నేను. అమ్మను తీసుకొని అందరం మహబూబాబాద్‌లో చెల్లె ఇంటికి వెళ్లాలని, ఉద్యమంవాళ్లు రైళ్లు ఆపని రోజు చూసుకొని బయలుదేరాలని అనుకున్నాం. తమ్ముడు దుకాణానికి అక్కడి నుంచే వచ్చి పోతానన్నాడు. ఇల్లు ఎవరికి అప్పగించాలన్న దగ్గర మాట ఆగింది. ఎవరి పేరు చెప్పినా ఇంకొకరికి ఏదో ఒక అనుమానం. చివరికి తమ్ముడే తల వంచుకొని అన్నాడు.

"రంగులన్నకే ఇద్దాం. నేనే పోయి తాళంచెవి ఇచ్చొస్త."

అమ్మ ఊపిరి కూడదీసుకుంది.

"ఇయ్యి," అంది. "గూట్ల దీపం గూడ రోజు ఆయననే పెట్టుమని జెప్పు. ముందటి గుమ్మం నుంచే రమ్మను."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను తలూపాను. అట్లాగే నిర్ణయమైంది.