నోటిలెక్కల కడుపునొప్పి

పిల్లలకు జ్వరం వస్తుంది, గజ్జి వస్తుంది, ఎండాకాలంలో కళ్ళకలకలు వస్తాయి. ఇవన్నీ నాకు తెలుసు. దిగులు కూడా వస్తుందని మాత్రం ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. ట్రైనింగు స్కూల్లో నల్లబల్ల మీద గీత వంకరపోకుండా గీయడం నేర్పారు, హాజరుపట్టీలో కొట్టివేతలు లేకుండా రాయడం నేర్పారు. పిల్లవాడి మొహం చూసి వాడికేమయిందో కనుక్కోవడం మా పాఠాల్లో లేదు. (ఉండి ఉంటే నేను ఆ పూట సెలవు పెట్టి ఉంటాను.)

అరవయ్యో దశకం మొదట్లో, నా ఇరవయ్యో ఏట, వాకాటికి తూర్పున సముద్రం ఒడ్డు పల్లెలో పంచాయతీ సమితి బడికి పంతులుగా వెళ్ళాను. రెండు గదుల బడి, ఇద్దరు పంతుళ్ళం. ఒకటి, రెండు తరగతులు పెద్దయ్యవారివి. ఆయన రిటైరుమెంటు దగ్గరపడిన మనిషి, పొడుం పీల్చి తుమ్మితే తప్ప ఆ గదిలోంచి చప్పుడు వచ్చేది కాదు. పై మూడు తరగతులూ నావి. ఊళ్ళో అందరూ నన్ను చిన్నయ్యవారనేవాళ్ళు. ఆ 'చిన్న' నాకు గుచ్చుకునేది. దాన్ని చెరిపెయ్యడానికి మీసం పెంచాను (పెరిగినంత మేర), ఒక బెత్తం సంపాదించాను, మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం నోటిలెక్కలు మొదలుపెట్టాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్క అడుగుతాను. నేను అయిదు లెక్కపెట్టేలోగా జవాబు రావాలి. రాకపోతే పక్కవాణ్ణి అడుగుతాను. చెప్పగలిగినవాడు చెప్పలేనివాడి ముక్కు పట్టుకుని చెంప మీద ఒకటి వెయ్యాలి. నన్నూ చిన్నప్పుడు అలాగే చదివించారు కాబట్టి చదువంటే అదేననుకున్నాను.

రెండు నెలలు తిరిగేసరికి పిల్లలకు కడుపునొప్పులు పట్టుకున్నాయి. మొదట ముగ్గురు, తర్వాత అయిదుగురు, ఒకనాడు ఏకంగా తొమ్మిదిమంది పొట్టలు పట్టుకుని గోడవారన చతికిలబడ్డారు. బావినీళ్ళు చెడిపోయాయని తేల్చి ఆ మాటే పెద్దయ్యవారితో చెప్పాను. ఆయన తీరిగ్గా పొడుం పీల్చి, "మంగళవారం, శుక్రవారం మాత్రం చెడిపోయే బావిని నేనింతవరకూ చూళ్ళేదబ్బాయ్" అన్నారు. పెద్దవాడయ్యాడు, చాదస్తం అనుకుని నేను వాకాడు ఆసుపత్రి కాంపౌండరుకు చీటీ పంపించాను.

ఆయన శుక్రవారం నాడు సైకిలు మీద పెద్ద సీసాతో వచ్చాడు. ఒక్కొక్కర్నీ బెంచీ మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి, "ఎప్పుడు నొస్తాది?" అని అడిగాడు. అందరూ నా వంక చూస్తారేగానీ నోరు విప్పరు. "సారూ, మీరు కాస్త బయటికి పోండి" అన్నాడు. వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాను. (వినడానికి కాదు, నీడ అక్కడే ఉంది.) మూడో తరగతి పిల్ల ఒకతె గొంతు స్పష్టంగా వినిపించింది: "చిన్నయివోరు మీసం దువ్వుకుంటే మొదలవతాది."

కాంపౌండరు బయటికొచ్చి, "మందు పిల్లలకు గాదు సారూ. ఆ నోటిలెక్కలు ఒక వారం ఆపి చూడండి" అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి జాలిపడి, ఒక చెంచాడు నాకు పోశాడు. పరమ చేదు.

ఆపి ఉంటే బాగుండేది. కానీ మూడో తరగతి పిల్ల నా మీసం గురించి మాట్లాడిందన్న ఉక్రోషం ఒకటి ఉంది కదా. కాంపౌండరు సైకిలు కనుమరుగవగానే పిల్లల్ని వరసగా నిలబెట్టాను. నాలుగో తరగతిలో గువ్వ అని ఒక పిల్ల ఉండేది. పలక మీద ఆ పిల్ల చేసిన లెక్క తప్పడం నేనెరగను. నిలబెట్టి అడిగితే మాత్రం నోరు కట్టుబడిపోయేది. ఆ రోజూ అంతే అయింది. పక్కనున్నవాడు టక్కున జవాబు చెప్పాడు. వాడు ఆ పిల్ల తమ్ముడు. చెప్పేశాక తను ఏం చెయ్యాలో గుర్తొచ్చి వాడి మొహం మాడిపోయింది.

"కొట్టరా" అన్నాను.

"అక్క గదా అయివోరా" అన్నాడు.

"బడిలో అక్క లేదు, చెల్లి లేదు. కొట్టు."

వాడు చెయ్యి ఆనించీ ఆనించనట్టు కొట్టి బావురుమన్నాడు. గువ్వ ఏడవలేదు. పలక తీసుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయింది. సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం చేపలగంప నెత్తిన పెట్టుకుని వాళ్ళమ్మ దారిలో ఎదురైంది.

"మా గువ్వ బాగా సదవతాండాదా అయివోరా? మూడు దినాలుగా తమ్ముడి కంటే ముందే పలక దీసుకోని వచ్చేస్తాండాది."

"చదువుతోందమ్మా" అన్నాను. అంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆమె సంతోషంగా నవ్వి వెళ్ళిపోయింది. మూడు రోజులుగా ఆ పిల్ల ఎక్కడుంటోంది? బడికి పరుగెత్తుకొచ్చి పెద్దయ్యవారికి చెప్పాను. ఆయన పొడుం డబ్బీ మూసి, "సరుగుడు తోపులో చూడు. పిల్లల్ని నేను కూచోబెట్టుకుంటా" అన్నారు.

అక్కడే ఉంది. సరుగుడు చెట్ల కింద ఇసుకంతా సాపుచేసి పుల్లతో లెక్కలు వేసుకుంటోంది. కూడికలు, గుణకారాలు, బారులు తీర్చి ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది. నేను గబుక్కున కింద కూచున్నాను. ఎండలో కాగిన ఇసుక అది. అంతకన్నా గబుక్కున లేచి నీడలోకి జరిగాను. నవ్వు ఆపుకోవడానికి ఆ పిల్ల తల తిప్పుకుంది.

"కడుపునొప్పి తగ్గిందా?" అన్నాను.

"ఈడ రాదు."

ఎవరికీ చెప్పని సంగతొకటి చెప్పేశాను. "నాక్కూడా వస్తుంది. ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారంటే ముందురోజు నించీ అన్నం సహించదు."

"ఆయన కొడతాడా?"

"కొట్టడు. అడుగుతాడు. అడిగితే తెలిసింది కూడా మర్చిపోతాను."

గువ్వ పుల్లతో ఇసుకలో చాలాసేపు గీతలు గీసింది. "నాకూ అంతే" అంది. పుల్ల కింద పెట్టి, "మా తమ్ముడు సరింగా నిద్రబోవడంలా. నన్ను కొట్టినానని వాడే ఏడస్తాండాడు" అంది.

"తప్పు వాడిది కాదు, నాది. వాడికి చెబుతాను."

"రేపు చెప్పండి. అందరి ముందర."

మర్నాడు చెప్పాను. అంతకు ముందు నేనుండే గదిలో నాలుగుసార్లు వల్లించుకున్నాను కూడా. తీరా పిల్లల ఎదుట నిలబడేసరికి సగం మాటలు పిల్లలకూ, సగం నల్లబల్లకూ చెప్పాను. చెంపదెబ్బలు ఆ రోజుతో పోయాయి. జవాబు నోటితో చెప్పినా సరే, పలక మీద రాసి ఎత్తి చూపినా సరే అన్నాను. కడుపునొప్పులు వెంటనే పోలేదు. పిల్లలు నన్ను నమ్మడానికి నెల పైనే పట్టింది. (ఒక్కడికి మాత్రం తర్వాత కూడా వస్తూనే ఉండేది. వాడు నిజంగానే పచ్చి చింతకాయలు తినేవాడని తర్వాత తెలిసింది.) ఆ యేడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు, నోటిలెక్కలకు పిల్లలు పలకలెత్తడం చూసి, 'నోటిలెక్కలు నోటితో చెప్పించవలెను' అని పుస్తకంలో రాసిపోయారు. పెద్దయ్యవారు దాని కింద 'చిత్తము' అని రాసి సంతకం పెట్టి, పుస్తకం బీరువా అడుగున పడేశారు. గువ్వ అయిదో తరగతి పూర్తిచేసి పెద్దబడికి వెళ్ళింది. నేనున్నంతకాలం ఆ పిల్ల నిలబడి నోటితో జవాబు చెప్పలేదు. నేనూ చెప్పమనలేదు.

ఇప్పుడు కొన్ని బడుల్లో పిల్లల మంచిచెడ్డలు వినడానికి విడిగా ఒక మనిషి ఉంటున్నారని మా మనవరాలు చెప్పింది. విని సంతోషించాను. అప్పటి చిన్నయ్యవారు ఇప్పుడు నాకెక్కడైనా ఎదురైతే తిట్టాలని లేదు. ఇరవయ్యేళ్ళవాడు. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చాడు. సాయంత్రం బడి వదిలాక మాట్లాడే మనిషి లేక, వచ్చే పోయే పడవలు చూస్తూ ఒడ్డున ఒక్కడే కూచునేవాడు. వాడి పక్కన కాసేపు కూచుని, "ఏం నాయనా, ఇంటి మీద బెంగగా ఉందా?" అని అడగాలనుంది. లేదనే అంటాడు. అయినా ఇంకాసేపు కూచుంటాను.