అరవై మీటర్ల కింది మనిషి

బస్సు దారిమధ్యలో ఆగిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, ఒకసారి లోపలికి తొంగిచూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా మూసేశాడు. మూసిన తీరు చూస్తే చాలు, ఇక నడకే గతి అని తిరిగి తిరిగి అరికాళ్ళు అరగదీసుకున్నవాళ్ళకి తెలిసిపోతుంది. క్రేన్ నడిపే అమ్మాయికి తెలియక ఇంకో పది నిమిషాలు కిటికీ పక్కనే కూర్చుంది. పదకొండింటికి కంపెనీ పెద్దాఫీసులో విచారణ. ఇంకా ఐదు కిలోమీటర్లు ఉంది. ఉసూరుమంటూ దిగింది.

వెనక తలుపులోంచి దిగుతున్న మనిషిని చూసి ఆగిపోయింది. విజిల్ బాబాయ్!

విచారణ అయ్యేదాకా ఇద్దరూ మాట్లాడుకోకూడదని, మేడ కడుతున్న సైటు మేనేజరు ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. చెప్పకపోయినా నష్టం లేదు. ఆరేళ్ళ కొలువులో వాళ్ళు మాట్లాడుకున్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒకే కప్పు కింద ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, పక్కమనిషికి ఏ కలలొస్తాయో తెలియనివాళ్ళు ఈ లోకంలో ఊరికి వందమంది. వీళ్ళది దానికి తిరగేసిన వ్యవహారం. ఆయన నేలమీద ఈల పట్టుకుని నిలబడతాడు. ఆమె అరవై మీటర్ల పైన గాజు క్యాబిన్లో కూర్చుంటుంది. ఆయన చెయ్యి ఎటు తిరిగితే ఆమె క్రేన్‌కి వేలాడే బరువు అటు తిరుగుతుంది. ఆయన వచ్చేలోపే ఆమె నిచ్చెన ఎక్కేస్తుంది, ఆయన వెళ్ళాక దిగుతుంది. "ఆకాశంలో కాపురం, నేలమీద వంట," అని అత్తగారు దెప్పుతూనే ఉంటుంది. కొలువుకి ముందు కూడా ఇలాంటి దెప్పులు తింటూనే నాలుగేళ్ళు కష్టపడి లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు దానికే ముప్పొచ్చింది.

జరిగింది ఇది. బరువు దిగాల్సిన చోటికి దగ్గరయ్యాక, చివరి రెండు మూడు అడుగులకి, ఆయన చెయ్యి ఊపడం మానేసి టోపీ అంచు ముట్టుకునేవాడు. ఇంకాస్త, మెల్లగా అని దానర్థం. కంపెనీ ఇచ్చిన సైగల పుస్తకంలో లేని సైగ. ఎవరు మొదలెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. పోయిన మంగళవారం ఇనుప చువ్వల కట్ట పరంజా పక్కన గాల్లో ఉండగా ఎండ కళ్ళలో పడి ఆయన టోపీ కిందికి లాక్కున్నాడు. ఆమె దించేసింది. కట్ట వెళ్ళి పరంజాకి కొట్టుకుంది. పైనున్న వెల్డరు కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

కంపెనీ రూలు కత్తిలా ఉంది. సైగ లేకుండా బరువు దించిన డ్రైవరుకి లైసెన్సు రద్దు. పుస్తకంలో లేని సైగ చేసినవాడు జన్మలో మళ్ళీ ఈల పట్టకూడదు. టోపీ సంగతి బయటపడితే ఆమె గట్టెక్కుతుంది, ఆయన మునుగుతాడు. బయటపడకపోతే ఆమె మునుగుతుంది. మధ్యేమార్గం లేదు.

"బాబాయ్, నువ్వూ ఈ బస్సేనా?" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆయన తలూపాడు. నడక మొదలెట్టాడు. పొగరు, అనుకుంది. సైట్లో అందరూ అనుకునేదే. ఎవరు పలకరించినా తలూపి తప్పుకుంటాడు కదా.

ఇళ్ళు మొదలయ్యాక ఒక వింత గమనించింది. దుకాణం బోర్డు ఏదైనా తలపైకి వచ్చినప్పుడల్లా ఆయన కాలిబాట దిగి, బోర్డుని చుట్టి, మళ్ళీ ఎక్కుతున్నాడు. మేడల బాల్కనీలకీ అదే మర్యాద. ఒకచోట తీగమీద ఆరేసిన దుప్పటిక్కూడా పక్కకి తప్పుకున్నాడు.

"దుప్పటి మీదపడితే ఏమవుతుంది బాబాయ్, పెళ్ళికొడుకువవుతావు, అంతేగా?"

ఆయన నవ్వాడు. ఆరేళ్ళలో ఆ నవ్వు ఆమె వినలేదు. అంత పైకి నవ్వులు రావు.

"వే... వేలాడేదాని కింద... నడవను," అన్నాడు. మాట మొదట్లోనే బండికి రాయి అడ్డంపడ్డట్టు ఆగి, మెడ నరం ఉబ్బి, అప్పుడు కదిలింది.

ఆమెకి చురుక్కుమంది. నత్తి! ఆరేళ్ళుగా పొగరనుకున్నది ఇదా?

మొహంలోకి చూడకుండా పక్కన నడిస్తే ఆయన మాట కాస్త తేలిగ్గా సాగుతోందని వంద అడుగుల్లో కనిపెట్టింది. చూపు రోడ్డుమీదే పెట్టి అడిగింది: "పనిలో ఉన్నప్పుడు ఎప్పుడూ ఏదో నములుతుంటావు. ఏంటది? పై నుంచి చూసి చూసి నాకూ నోరూరుతుంది."

"న... నమలడం కాదమ్మా. చెప్తుంటాను."

"ఎవరికి?"

 ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళింట్లో పెద్ద రేడియో ఉండేది. ఆటల పోటీలు జరుగుతుంటే కళ్ళకు కట్టినట్టు చెప్పే గొంతులు దాన్లోంచి వచ్చేవి. అలా చెప్పేవాణ్ణవ్వాలని ఆయన కోరిక. గోడెక్కి కూర్చుని, వీధిలో ఎవరు పోతున్నా లోలోపల వర్ణించేవాడు. బళ్ళో పంతులు ఏమవుతావని అడిగితే లేచి నిలబడ్డాడు. మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోయింది. గదంతా గొల్లుమంది. ఆ సాయంత్రం వాళ్ళన్నయ్య రేడియోని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఎందుకో ఆయన ఇప్పటికీ అడగలేదు.

"ఇప్పుడు నీ గురించే చెప్తుంటా. 'క... క్రేనమ్మాయి ఎడమకి తిప్పింది, గాలి ఎక్కువగా ఉంది, అయినా చెయ్యి వణకలేదు' అని."

 ఆరేళ్ళుగా ఆమె పనిని ఒక మనిషి అంత శ్రద్ధగా వర్ణిస్తున్నాడు, వినేవాళ్ళు లేరు. ఇంట్లో ఒక్కరూ ఇవాళ ఏం ఎత్తావని అడిగిన పాపాన పోలేదు.

అయినా లైసెన్సు లైసెన్సే. ఆఫీసు గేటు కనబడగానే అడిగేసింది.

"బాబాయ్, లోపల ఏం చెప్తావు?"

ఆయన బూటు లేసు విప్పి, మళ్ళీ రెండు ముళ్ళేసి లేచాడు. 

గదిలో బల్లవెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న కళ్ళజోడాయన ముందు ఆమెనే అడిగాడు. "ఏమ్మా, సైగ వచ్చిందా, రాలేదా? ఒక్క ముక్కలో చెప్పు."

ఆ ఒక్క ముక్క నాలుకమీదే ఉంది. ఎటు తిప్పినా ఎవరో ఒకరు తెగుతారు. 

"ఆయన్నే అడగండి సార్."

అన్న మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయింది. మాట్లాడలేని మనిషిమీదికి మాటని తోసేసింది.

"సరే. నువ్వు చెప్పవయ్యా."

ఆయన లేచాడు. "టో..." అన్నాడు. ఆగిపోయింది. మెడ నరం ఉబ్బింది. "టో... టో..." గోడగడియారం చప్పుడు వినబడుతోంది. కుడివైపాయన ఇబ్బందిగా కాగితాలు సర్దుకున్నాడు. ఎడమవైపాయన నవ్వు దాచుకోవడానికి నీళ్ళు తాగాడు. కళ్ళజోడాయన తెల్లకాగితం, పెన్నూ ముందుకి జరిపాడు. "ఎందుకయ్యా అవస్థ, రాసిచ్చెయ్."

ఆయన కాగితాన్ని వెనక్కి తోశాడు.

ఆమె పళ్ళు బిగించింది. ఆ మాట తనకి తెలుసు. అందించేస్తే అయిపోతుంది. నోరు తెరవబోయింది. ఆయన ఆమెకేసి ఒక చూపు చూశాడు. నోరు మూసుకుంది.

"టో... టోపీ ముట్టుకున్నాను. అది... మా... మాలో మాకున్న సైగ. ఆ... ఆమె చూసింది. దించింది. చూసుకోకుండా ముట్టుకుంది నే... నేను."

ఇంత చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలూ ఆయన ఎవరి మొహంలోంచీ చూపు తిప్పుకోలేదు. చివరికి చూపులు తిప్పుకుంది వాళ్ళే.

తీర్పుకి అంతసేపు పట్టలేదు. ఆమెకి ఒక హెచ్చరిక కాగితం, రేపట్నుంచి మళ్ళీ క్యాబిన్. ఆయనకి స్టోరు గదిలో మేకులూ తాళ్ళూ ఇచ్చే పని. కిటికీ లేని గది అది.

వరండాలో ఆమె ఆయన వెనకే పరుగెత్తింది. "బాబాయ్! నేను చెప్పాల్సింది. భయపడ్డాను. నిజంగా భయపడ్డాను బాబాయ్, తిట్టు కావాలంటే."

ఆయన ఆగి తిరిగాడు. పెదవులమీదికి ఏదో అక్షరం వచ్చి ఆగింది. ఆమె కదలకుండా నిలబడింది. ఎంతసేపైనా నిలబడేదే. కానీ ఆయన ఆ అక్షరాన్ని వదిలేసి, తల అడ్డంగా ఊపి, మెట్లు దిగాడు.

"బస్‌స్టాపు ఇటు బాబాయ్!" అంది.

ఆయన వెనక్కి తిరగకుండా అవతలి వైపుకే నడిచాడు, ఎండలో, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని.