నిచ్చెన మీద పాట

ముంబై కామాటిపురాలోని తెలుగు కూలీల మీద నేను రాసిన పుస్తకాన్ని దాదర్‌లో ఒక చిన్న పుస్తకాల షాపులో ఆవిష్కరించిన రోజు అది. కామాటిపురా పక్కనే ఉన్న ఫోరస్ రోడ్‌లో బస్సెక్కి, సభలో చదవాల్సిన పేజీని గొణుక్కుంటున్నాను. పక్క సీట్లో కూరగాయల సంచితో ఉన్న పెద్దావిడ నా వైపు తిరిగింది.

"తెలుగే గద బిడ్డా? నాకు మాట్లాడొస్తది గని సదువ రాదు. జర గట్టిగ సదువు."

చదివాను. ఇటుకల తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు పాడుకుంటూ నిచ్చెన ఎక్కే ఘట్టం. ఆ పాట నేను కట్టిందే.

ఆవిడ కూరగాయల సంచి ఒళ్లోకి లాక్కుంది.

"మా అమ్మ గా పనే చేసింది. తట్ట మోసుకుంట పాడరు బిడ్డా. ఊపిరి సరిపోదు. దిగినంక గూడ మాట్లాడేది గాదు."

తర్వాతి స్టాపులో దిగిపోయింది. దాదర్ ఇంకా చాలా దూరం. జేబులో పెన్ను ఉంది. తీయలేదు.

షాపులో కుర్చీలన్నీ నిండాయి. కామాటిపురా నుంచి ఎవరూ లేరు, మేం పిలవలేదు. ఆ పేజీనే చదివాను. ముందు వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకుంటూ, "ఆ పాట ఒక్కసారి పాడి వినిపిస్తారా?" అని అడిగాడు.

పాడాను. ఊపిరి బాగానే సరిపోయింది.