ఫ్యాను రొద, అన్నం ఎసరు

కలకత్తా పక్కన టికియాపారాలో మాది ఒకటే గది. నేను రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్‌కి అప్పజెప్పగానే నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టేది. అది వినే అమ్మ ఎసరు పెట్టేది. రొద ఆగేసరికి అన్నం వార్చడం కూడా అయిపోయేది. అంతసేపు ఆగాల్సి వచ్చిందని విసుక్కుంటూ నేను అన్నానికి లేచేవాణ్ణి.

మొన్న కంపైలర్ కొత్త వెర్షన్ వేశాను. ఎసరు మరగకముందే ఫ్యాను ఆగిపోయింది.

"ఏటి, పాడైపోనాదా?"

"లేదమ్మా, పనైపోనాది. కొత్త కంపైలర్ బేగి చేసేస్తాది. తప్పుంటే ఎక్కడుందో కూడా చెప్తాది."

"ఎవులు చేసినారు?"

"ఎవరెవరో. ఊరికే చేసి అందరికీ ఇస్తారు."

అమ్మ పొయ్యి వైపు చూసింది. "మంచోలే. మరి ముందుగా నాకో మాట సెప్పొద్దా?"

ఆ ఎవరెవరికో కృతజ్ఞతలు రాశాను. అమ్మ ఫిర్యాదు మాత్రం కలపలేదు. అన్నం ఉడికేదాకా నాకు పనేమీ లేదు. చాలా ఏళ్ల తర్వాత అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను.