బాపు తువ్వాళ్ళు ఎక్కిన విమానం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాడంతా అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక మంచి వార్త దొరికితే, కాళ్ళకు చెప్పుల్లేకుండా పరుగెత్తుకెళ్ళి మా నాయన చెవిన వేశాను. ఆయన్ని బాపు అనేవాళ్ళం. ఆ పరుగు గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ కోపం వస్తుంది.

అప్పుడు మేం సోలాపూర్‌లో, అక్కల్‌కోట్ రోడ్డు పక్క నీలం నగర్‌లో ఉండేవాళ్ళం. ఎనభైలు ముగిసే రోజులు. బాపు ఒక సేట్ కార్ఖానాలో మరమగ్గం మీద తువ్వాళ్ళు నేసేవాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. సరుకు మడతపెట్టి కట్టడంలో బాపు చెయ్యి మంచిదని, బయటి దేశాలకు పోయే మూటలన్నీ సేట్ ఆయనతోనే కట్టించేవాడు. అమ్మ ఇంట్లో చాట ముందేసుకుని బీడీలు చుట్టేది.

సెలవు రోజున బాపు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని హోట్గి రోడ్డు వైపున్న విమానాల మైదానానికి తీసుకెళ్ళేవాడు. అక్కడ విమానం దిగడం ఎప్పుడో గాని జరిగేది కాదు. మాకు దానితో పనిలేదు. కంచె బయట కూర్చుని చుడువా తింటూ, చాలా ఎత్తున పోయేవాటి కోసం చూసేవాళ్ళం. ఒకటి కనపడగానే బాపు చెయ్యెత్తి చూపేవాడు.

"గదాంట్ల మనయి ఉన్నయ్ బిడ్డా. ఏ రంగుయి?"

"నీలం అంచుయి," అనేదాన్ని.

"నీలం అంచుయి పోయిన వారమే పోయినయ్ గదా. ఇయ్యాల గులాబీయి."

సేట్ ఆ సరుకును ఫారిన్ మాల్ అనేవాడు. ఫారిన్‌కు మనుషులు విమానంలో పోతారు కాబట్టి మాల్ కూడా విమానంలోనే పోతుందని బాపు అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు, కాదని ఎవరూ చెప్పలేదు. ఆయన సముద్రం చూసినవాడు కాదు. తను విమానం ఎక్కడం జరగదని ఆయనకు తెలుసు. "నేనెక్కకుంటేంది, నా చేతిపని ఎక్కుతున్నది గదా," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. ఎంత వెతికినా ఇప్పుడు నాకు దొరకని ముఖం అది. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో కూడా లేదు.

ఆ ఏడు వానాకాలంలో ఒక ప్రయాణికుల విమానం నేల విడిచిన కాసేపటికే కూలిపోయింది. ముందు రేడియోలో చెప్పారు. మర్నాడు మరాఠీ పేపరులో బొమ్మ వేశారు. సాంచాలు బాగుచేసే మిస్త్రీ ఒకాయన మా పక్కింట్లో ఉండేవాడు, మామా అని పిలిచేదాన్ని. ఆయన ఆ పేపరు మా గడప దగ్గర పరిచి అందరికీ చదివి వినిపించాడు. ఎందుకు కూలిందో ఇంకా తేలలేదని అందులో రాశారు. పేపరుకు తేలకపోతేనేం, మా వాడకు తేలిపోయింది.

"చాలూ జేసేటప్పుడే తెగుతది," అన్నాడు మామ. "నడిచే సాంచాకు ఏం గాదు. బంద్ జేసి మళ్ల చాలూ జేస్తిమా, అప్పుడే పోగులు తెగుతయ్. దీనిది గూడ గంతే. ఏదో బెల్టు పట్టా జారింది."

అమ్మ చాటలోంచి తలెత్తలేదు. "గాలి ఆడలేదేమో. తంబాకు గట్టిగ దట్టిస్తే బీడీ గుంజుతదా?"

"ఇంజన్ అంటె బీడీ గాదక్కా."

"నువ్వు సాంచా అంటివి, నేను బీడీ అంటి. ఇద్దరం చూసొచ్చినమా ఏంది."

అందరం నవ్వాం. బాపు కూడా నవ్వాడు. పక్షి అడ్డమొచ్చిందేమో అన్నాడు, ముందు చక్రం పగిలిందేమో అన్నాడు. విమానాల సంగతి వస్తే మా వాడకు ఆయనే పెద్దమనిషి. అప్పుడు మామ పేపరు మడిచి కింది వరుసలు చదివాడు. ఎక్కించిన సామాను కాగితాల్లో రాసినదానికంటే ఎక్కువ బరువుందేమోనని కొందరి అనుమానమట.

బాపు నవ్వడం మానేశాడు. లేచి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆయనకు ముద్ద దిగలేదు. అన్నం కలిపి, కంచంలోకి చూస్తూ కూర్చునేవాడు. జ్వరమేమోనని అమ్మ నొసలు పట్టి చూసింది. సెలవు రోజు వచ్చినా సైకిల్ తీయలేదు. ఎందుకు ఎందుకని నేను తలకాయ తింటే, చివరికి నాకొక్కదానికే చెప్పాడు.

"పోయిన వారం మూటలు కట్టిన గదా. ముసురు వట్టి టావెల్లు ఆరలే. సేటేమో అర్జంట్ అన్నడు. పచ్చియే కట్టిన."

"అయితేంది?"

"మూట మీద రాసింది పొడి మాల్ బరువు బిడ్డా. తడి టావెల్ ఎంత బరువుంటదో ఎత్తి చూడు. మనుషులున్నరు గదాంట్ల. నీ అసొంటి పిల్లలున్నరు."

మామతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మామ నవ్వుతాడని కాదు, నిజమే అంటాడేమోనని ఆయన భయం. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా బాపు మనుషుల్ని చంపాడంటే నేనెట్లా ఒప్పుకుంటాను?

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని కార్ఖానాకు పోయాను. బాపు దగ్గరికి కాదు, నేరుగా సేట్ గదిలోకి. సేట్‌దీ మా తెలుగే, సగం మరాఠీ కలిసిన తెలుగు.

"సేట్, మన ఫారిన్ టావెల్లు ఏ విమానంల పోయినయ్?"

ఆయన చాయ్ కప్పు కింద పెట్టి నవ్వాడు. "విమానంలనా? అగ పోరీ, గంత కిరాయి ఎవడు పెడ్తడు? ట్రక్కుల బొంబాయి పోతయ్, ఆడికెల్లి షిప్పుల పోతయ్. మన మాల్ ఎప్పుడన్న గంతే."

నేను డబ్బా అక్కడే మరిచిపోయి పరుగెత్తాను. షెడ్డులో అన్ని సాంచాలూ ఆడుతున్నాయి, ఎవరి మాట ఎవరికీ వినపడదు. బాపు నడుము పట్టి కిందికి వంచి చెవిలో అరిచాను.

"బాపూ, మనయి విమానంల పోలేదు. షిప్పుల పోతయట. సేటే చెప్పిండు."

ఆయన పిడి లాగి సాంచా ఆపాడు. "నిజంగనా?" అన్నాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి. దూది దుమ్ము అంటిన బనీనుకు నా తల అదుముకున్నాడు. ఆ వారమంతా ఆయన మోసిన బరువు దిగిపోవడం నాకు తెలిసింది. నేను అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకునే నోరు కాదు కదా.

"ఎన్నడూ పోలేదట బాపూ. ఒక్కపారి గూడ ఎక్కలేదట."

"ఎన్నడూ?"

"ఎన్నడూ."

బాపు సాంచా వైపు తిరిగాడు. దాని మీద సగం నేసిన గులాబీ తువ్వాలు ఉంది. దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు. "మంచిదే బిడ్డా. మంచి మాట చెప్పినవ్," అని సాంచా మళ్ళీ చాలూ చేశాడు. ఒక పోగు తెగింది. వంగి దాన్ని ముడివేశాడు.

ఆ పూట కంచం ఖాళీ చేశాడు. నిద్ర కూడా తిరిగి వచ్చింది. కాని సెలవు రోజుల్లో సైకిల్ హోట్గి రోడ్డు వైపు మళ్ళీ తిరగలేదు. ఒకసారి ఎండ అన్నాడు, ఒకసారి టైరు బాగాలేదన్నాడు. ఒక పొద్దున వాకిట్లో చైనుకు నూనె వేస్తుంటే పైన విమానం పోయింది. నేను ఎగిరి గంతేసి చూపించాను.

"బాపూ, ఏ రంగుయి?"

ఆయన తలెత్తలేదు. "మనయి నీళ్ల మీద ఉంటయ్ బిడ్డా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

ఆ విమానం ఎందుకు కూలిందో తర్వాత పేపర్లలో వచ్చే ఉంటుంది. మామ వేరే వార్తల్లో పడ్డాడు, నేను చూడలేదు. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఆకాశంలో చప్పుడైతే డాబా మీదికి పోయి రంగులు చెప్పుకుంటాను. పక్కన అడిగేవాడు లేడు.

చెప్పకుండా ఉండాల్సిందా అంటే, కాదు. చెప్పకపోతే తెలియని పిల్లల చావును ఆయన బతికినన్నాళ్ళూ నెత్తిన మోసేవాడు. ఆ మధ్యాహ్నం మళ్ళీ ఇస్తే మళ్ళీ అట్లాగే పరుగెత్తుతాను. ఆయన నడుము పట్టి వంచి, చెవిలో అంతే గట్టిగా అరుస్తాను. కాని ఇట్లా అరుస్తాను: "బాపూ, గీ ఒక్కపారే షిప్పుల పంపిన్రట."